చేపల షెడ్డు, రెండు కుర్చీలు

అచ్చాయమ్మ మోకాళ్ళు పాడయింది రాజకీయాల్లో కాదు, చేపల దగ్గర. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే వెదుళ్లంక సెంటర్లో ఇప్పటికీ కొందరు, మెంబరయ్యాక కార్లెక్కి తిరిగింది కదా, అందుకే ఒళ్ళు బరువెక్కి నడవలేకపోతోంది అంటారు. అనేవాళ్ళకేం, నోరుంది, అంటారు. ముప్పై రెండేళ్ళు మురుక్కాలవ గట్టు మీద గొంతుక్కూర్చుని, ముందు కత్తిపీట పెట్టుకుని, పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా కొయ్యింగలూ గొరకలూ కోసిచ్చి చూడమనండి, ఎవరి మోకాళ్ళు నిలుస్తాయో. పైన ఎండ, వెనక కాలవ కంపు, ముందు బస్సుల దుమ్ము. కానిస్టేబులు వచ్చి లాఠీతో బేసిను మీద కొట్టి వెనక్కి జరగమంటాడు. వెనక్కి జరిగితే కాలవలో పడాలి.

అలా కూర్చునేవాళ్ళు మొత్తం ఇరవై నలుగురు ఆడవాళ్ళు. అందరూ ఏటిగట్టున ఉన్న రేవుపేట వాళ్ళే. మొగవాళ్ళు గోదాట్లో వలేస్తారు, ఆడవాళ్ళు సెంటర్లో అమ్ముతారు. అచ్చాయమ్మ పెనిమిటి బుల్లబ్బాయిదీ అదే పని. ఏట్లో చేప బాగా పడే జాగాలు ఏడెనిమిది కన్నా ఉండవు. రేవుపేటలో గడపలు నలభై. అందుకని వాళ్ళు వంతులు పెట్టుకున్నారు. ఇవాళ ఈ ఎనిమిది మంది ఆ జాగాల్లో వల కడితే రేపు ఇంకో ఎనిమిది మంది. వంతు కానివాడు ఒడ్డున కూర్చుని వల కుట్టుకుంటాడు. ఈ కట్టుబాటు ఎప్పుడు ఎవరు పెట్టారో తెలిసినవాళ్ళు లేరు. దానికి ఒక ప్రెసిడెంటూ లేడు, సెక్రటరీ లేడు, మినిట్స్ బుక్కూ లేదు. అయినా వంతు తప్పి వల కట్టినవాణ్ణి బుల్లబ్బాయి తన జన్మలో చూడలేదు.

నాలుగేళ్ళ కిందట మండలం ఎన్నికలొచ్చినప్పుడు రేవుపేట వైపు సీటు బీసీ ఆడవాళ్ళకి పడింది. పార్టీవాళ్ళు నేరుగా కాలవ గట్టు దగ్గరికే వచ్చారు. వాళ్ళలో ముందున్నవాడు గణేష్‌బాబు. తెల్ల చొక్కా, మెళ్ళో కండువా, ఎవరినైనా ‘గారూ’ అని పిలిచే మర్యాదస్తుడు. "నాకేం తెలుసండీ, నేను అయిదు దాకా చదివాను," అంది అచ్చాయమ్మ. "ఏమీ తెలియక్కర్లేదండీ అచ్చాయమ్మ గారూ. చెయ్యెత్తడం తెలిస్తే చాలు," అన్నాడు గణేష్‌బాబు. అంతా నవ్వారు. ఆవిడా నవ్వింది. గెలిచింది కూడా.

ఆవిడ గెలవాలనుకున్నది ఒక్కందుకే. సెంటర్లో పాత బందెలదొడ్డి ఖాళీగా పడి ఉంది. ఒకప్పుడు చేలల్లో పడ్డ పశువుల్ని కట్టేసేవారు. ఇప్పుడు పశువులూ లేవు, కట్టేసేవాళ్ళూ లేరు, గోడ కూలి పిచ్చి మొక్కలు మొలిచాయి. అక్కడ నాలుగు స్తంభాలు లేపి, రేకులు వేసి, నడుమెత్తున అరుగు కట్టించి, ఒక కుళాయి పెడితే ఇరవై నలుగురూ నీడన నిలబడి అమ్ముకోవచ్చు. మోకాళ్ళు మడవకుండా చేపలమ్మే రోజు ఒకటి వస్తుందనుకుంటేనే ఆవిడకి ప్రాణం లేచొచ్చేది.

ఇక్కడే మొదలైంది అసలు తిప్పలు. బందెలదొడ్డి స్థలం పంచాయతీది. షెడ్డు కట్టే డబ్బు మండలానిది. అంటే రెండు కుర్చీలు కదలాలి.

పంచాయతీ కుర్చీలో ఉన్నది ఎవరో కాదు, ఆవిడ మరిది లోవరాజే. సర్పంచి అంటే ఎవరికీ నోరు తిరగదు, ప్రెసిడెంటు గారు అనే పిలుస్తారు. ఊరు ఊరంతా ఓట్లేసి గెలిపించింది లోవరాజుని. మండలం మీటింగుల్లో పెద్ద పెద్దవాళ్ళు కూడా లేచి కుర్చీ ఇస్తారు. అయిదేళ్ళ దాకా ఆయన్ని ఎవరూ దింపలేరు. కానీ పన్నెండు మంది వార్డు మెంబర్లలో ఏడుగురు ఉప ప్రెసిడెంటు పల్లంరాజు వెనక ఉన్నారు. వాళ్ళు మీటింగుకి వేళకి వస్తారు. టీ తాగుతారు, పకోడీ తింటారు. లోవరాజు ఏ తీర్మానం పెట్టినా ఏడు గొంతులు కలిపి వద్దంటారు. సంతకాలు పెట్టేసి ఇంటికి వెళ్ళిపోతారు.

"వదినా, నన్నేం చెయ్యమంటావు?" అనేవాడు లోవరాజు, అన్నం కంచం ముందు కూర్చుని. "నన్ను దించనూ లేరు, నడవనూ ఇవ్వరు. గాటికి కట్టేసిన గేదెలా ఉన్నాను."

"గేదె పాలన్నా ఇస్తుంది," అంది అచ్చాయమ్మ విసుగ్గా. అని, పాపం అనిపించి ఇంకో చేపముక్క వడ్డించింది. ఆ స్థలం ఇస్తూ తీర్మానం అవడానికి మూడేళ్ళు పట్టింది. అదీ పల్లంరాజు వీధికి సిమెంటు రోడ్డు పడ్డాకనే.

మండలం కుర్చీలో సత్యవాణి ఉండేది. వ్యవసాయదారుల ఇంటి ఆడపడుచు, బీకాం చదివింది, గబగబా మాట్లాడుతుంది. ఆవిణ్ణి జనం నేరుగా ఎన్నుకోలేదు. మండలంలో పద్దెనిమిది మంది మెంబర్లు కూర్చుని చేతులెత్తి ఎన్నుకున్నారు. అందుకేనేమో, చేతులు ఎలా లేపించాలో ఆవిడకి తెలుసు. పంచాయతీ తీర్మానం చేతికొచ్చిన వారంలోనే మీటింగు పెట్టింది. అజెండాలో పదకొండో అంశం, చేపల షెడ్డు. "అందరికీ సమ్మతమేనా అండీ?" అంది. చేతులు లేచాయి. అచ్చాయమ్మ చెయ్యి అందరికన్నా ముందు లేచింది. మూడేళ్ళు ఏడ్చిన పని మూడు నిమిషాల్లో అయిపోయింది. నాలుగు నెలలు తిరక్కుండా స్తంభాలు లేచాయి, అరుగూ కట్టారు. ఇక రేకులే తరువాయి.

అప్పుడొచ్చింది అవిశ్వాసం.

దాని కథ కొంచెం వెనక్కి వెళితేగానీ అర్థం కాదు. సత్యవాణిని ఎన్నుకునే ముందు, మెంబర్లని అవతలివాళ్ళు ఎత్తుకుపోకుండా గణేష్‌బాబు వాళ్ళందరినీ బస్సులో తిప్పాడు. దాన్నే క్యాంపు అంటారు. ఆ తిప్పటంలో కోరుకొండ తీసుకెళ్ళి, నరసింహస్వామి కొండ ఎక్కించి, కర్పూరం వెలిగించి, ఒక్కొక్కరి చేతా ప్రమాణం చేయించాడు. "సత్యవాణి గారు కుర్చీలో ఉన్నన్నాళ్ళూ నా చెయ్యి ఆవిడ వైపే. స్వామి సాక్షి." మాట రాసినవాడు గణేష్‌బాబే. ముందు తను చదివి, తరవాత అందరిచేతా అనిపించాడు. అచ్చాయమ్మ ఆ మెట్లన్నీ ఎక్కింది అప్పుడు. దిగాక మూడు రోజులు మంచం మీద ఉంది. ఆ ప్రమాణం మాత్రం ఆవిడ మనసులో అలాగే కూర్చుండిపోయింది.

ఆ కర్పూరం దగ్గర గణేష్‌బాబు మరిచిపోయిన సంగతి ఒకటుంది. కుర్చీ మొదటి రెండున్నరేళ్ళు సత్యవాణికి, మిగిలిన సగం తన భార్య, ఇంకో మెంబరు లక్ష్మీదుర్గకి అని పార్టీ పెద్దాయన దగ్గర ఒప్పందం అయింది. ఆ ఒప్పందం మిగతా మెంబర్లకి తెలీదు, స్వామికీ చెప్పలేదు. రెండున్నరేళ్ళు అయింది, మూడయింది, మూడున్నరా అయింది. సత్యవాణి దిగలేదు. "పనులు నడుస్తున్నాయి కదండీ, ఇప్పుడు మారితే అన్నీ ఆగిపోతాయి," అంటుంది. ఆ మాట నిజమే. దిగాలని లేదన్నదీ నిజమే.

పద్దెనిమిది మందిలో పన్నెండు చేతులు లేస్తే కుర్చీ దిగాలి. గణేష్‌బాబు లెక్కేసుకుంటే సరిగ్గా పన్నెండు వచ్చాయి, అచ్చాయమ్మతో కలిపి. ఆవిడ కాలవ గట్టున చేప పొలుసు తీస్తుండగా కారొచ్చి ఆగింది. చెయ్యి కడుక్కుని ఎక్కమన్నారు. కార్లో రెండు కాగితాలు ఇచ్చారు. ఒకటి సంతకం పెట్టాల్సిన అవిశ్వాసం నోటీసు. రెండోది పార్టీ విప్పు. ఓటింగు రోజున పార్టీ చెప్పినట్టు చెయ్యెత్తకపోతే మెంబరు పదవి పోతుందని అందులో ఉందని గణేష్‌బాబు మర్యాదగా చదివి వినిపించాడు.

"మరి షెడ్డో అండీ?" అంది అచ్చాయమ్మ.

"రేకులేంటండీ, మా ఆవిడ వస్తే శ్లాబే వేయిస్తాం," అన్నాడు.

క్యాంపు ఈసారి కడియంలో పెట్టారు. గణేష్‌బాబు స్నేహితుడి నర్సరీలో నాలుగు గదుల గెస్టుహౌసు. ఫోన్లు తీసుకుని ఒక ప్లాస్టిక్ బుట్టలో వేసుకున్నారు. పన్నెండు మందీ పది రోజులు అక్కడే. మూడు పూటలా తిండి, సాయంత్రం పేకాట, టీవీ. అచ్చాయమ్మకి ఇవేవీ పడలేదు. పొద్దున్నే లేచి మొక్కల మధ్య తిరిగేది. ఎకరాల కొద్దీ కుండీలు. వాటి పైన ఆకుపచ్చ వల కట్టి ఎండ తగలకుండా నీడ వేశారు. కూలి ఆడవాళ్ళు ట్యూబులతో తడుపుతున్నారు. లారీలు వచ్చి వరసగా మొక్కలెక్కించుకుని ఎక్కడెక్కడికో పోతున్నాయి. నీడ కింద నిలబడి ఆవిడ చాలాసేపు పైకి చూసేది. మొక్కలకి ఇంత చేశారు, మాకు నాలుగు రేకులకి ఇన్ని తిప్పలా అనుకుంటే ఏడుపొచ్చేది.

ఆ పన్నెండు మందిలో శాంతికుమార్ ఒకడు. రాజమండ్రిలో ఇంటర్ పిల్లలకి సివిక్స్ చెప్పి, జీతాలు సరిగా ఇవ్వక మానేసి, రాజకీయాల్లోకి వచ్చాడు. బుర్రలో చదువుంది, వినేవాళ్ళే దొరకరు. ఓ పొద్దున బోర్లించిన కుండీ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అచ్చాయమ్మ వెళ్ళి పక్కన నిలబడింది.

"మాస్టారూ, ఒక సంగతి అడగనా అండీ? మా లోవరాజుని ఊరంతా ఓట్లేసి గెలిపించింది. సత్యవాణి గార్ని మనం పద్దెనిమిది మందిమే గెలిపించాం. అలా వేరు వేరుగా ఎందుకండీ? ఇద్దర్నీ జనమే ఎన్నుకోవచ్చు కదా."

శాంతికుమార్ మొహం వెలిగిపోయింది. టీ గ్లాసు కింద పెట్టాడు. "ప్రపంచంలో దేశాలన్నీ తేల్చుకోలేనిది అక్కడేనండీ. అమెరికా ఉందా, అక్కడ ప్రెసిడెంటు కోసం జనం ఓట్లేస్తారు. నాలుగేళ్ళు ఆ కుర్చీ ఆయనదే. సభలో మెంబర్లకి ఆయన గిట్టకపోయినా దింపడం మాటలు కాదు. మన ఢిల్లీలో అలా కాదండి. జనం మెంబర్లని ఎన్నుకుంటారు. ఎక్కువమంది మెంబర్లు ఎవరి వెనక ఉంటే ఆయన ప్రధానమంత్రి. వెనకున్నవాళ్ళు పక్కకి తప్పుకుంటే ఆయన కూడా దిగిపోవాలి. మీ పంచాయతీ అమెరికా పద్ధతి, మన మండలం ఢిల్లీ పద్ధతి అనుకోండి."

"మరి అమెరికాలో మెంబర్లకి ఆయన గిట్టకపోతే ఏం చేస్తారండీ?"

"డబ్బు పాస్ చెయ్యరు. ఒక్కోసారి ఆఫీసులు మూతపడతాయి. జీతాలు ఆగిపోతాయి. ఆయన మాత్రం కుర్చీలోనే ఉంటాడు."

"మా లోవరాజే," అంది అచ్చాయమ్మ. "టీ పకోడీలు ఇస్తారేమో కనుక్కోండి."

శాంతికుమార్ పకపకా నవ్వాడు. "నా చిన్నప్పుడు మన మండలాధ్యక్షుల్ని కూడా జనమే ఎన్నుకునేవారండి. తరవాత మార్చేశారు. అందులో ఉండే తంటా అందులో ఉంది, ఇందులో ఉండేది ఇందులో ఉంది. దింపలేని కుర్చీ అయితే మొండికేస్తాడని భయం. దింపగలిగే కుర్చీ అయితే ఇదిగో, ఇలా నర్సరీలో కూర్చోవాలి."

"అయితే రెండిట్లో చేపలమ్ముకునేవాళ్ళకి ఏది మంచిదండీ?"

"ఆ ప్రశ్న ఏ పరీక్షలోనూ రాలేదండి," అన్నాడు శాంతికుమార్. చల్లారిపోయిన టీ ఎత్తి తాగాడు.

అదే సాయంత్రం ఆవిడ కూలి ఆడవాళ్ళతో కలిసి కుండీలు సర్దుతుంటే లారీకి అవతల గణేష్‌బాబు ఫోన్లో మాట్లాడటం వినపడింది. "బందెలదొడ్డి దగ్గర స్తంభాలున్నాయి కదా, వాటిని అలాగే వాడేసి షట్టర్లు దింపేద్దాం. పది షాపులొస్తాయి. చేపలోళ్ళదేముందండీ, కాలవ గట్టు ఉండనే ఉంది." ఆవిడ చేతిలో కుండీ అలాగే ఉండిపోయింది. కోపం రాలేదు, ఆ వయసు దాటిపోయింది. అక్కడే మట్టిలో కూలబడి, లేవడానికి పక్కనున్న కూలి మనిషి చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

ఏం చెయ్యాలి? చెయ్యెత్తితే షెడ్డు పోతుంది. ఎత్తకపోతే పదవి పోతుంది. పదవి పోతే పోయింది, కానీ రేవుపేట వాళ్ళు ఏమంటారు, పార్టీవాళ్ళు బుల్లబ్బాయిని ఏం చేస్తారు, లోవరాజుకి ఉన్న ఆ అయిదుగురు మెంబర్లూ ఉంటారా? ఎవరినైనా అడుగుదామంటే ఫోను బుట్టలో ఉంది. జన్మలో ఇంత పెద్ద సంగతి ఆవిడ ఒక్కతే తేల్చుకోవలసి రాలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు.

ఓటింగుకి ముందు రోజు గణేష్‌బాబుకి కోరుకొండ గుర్తొచ్చింది. తనకి కాదు, మెంబర్లకి గుర్తొచ్చి గొణుక్కోవడం మొదలుపెట్టారు. కర్పూరం ముట్టుకున్నాం కదండీ, పిల్లాపాపా ఉన్నవాళ్ళం అన్నారు. తిట్టి లాభం లేదని ఆయనకి తెలుసు. పొద్దున్నే బస్సు కట్టించాడు. కొండెక్కి, అర్చన చేయించి, తలా ఒక కొబ్బరికాయ కొట్టి, తప్పయిందని చెప్పుకుంటే ప్రమాణం దిగిపోతుందని ఆయనే తేల్చాడు. అలాంటిదేదైనా ఉందా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగితే లేదంటారేమోనని భయం.

కొండ మొదట్లో బస్సు దిగి అచ్చాయమ్మ మెట్ల వంక చూసింది. నిట్టనిలువుగా ఉన్నాయి. పది మెట్లెక్కింది. పదకొండో మెట్టు దగ్గర మోకాలు మడత పడనని మొరాయించింది. అక్కడే గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"నా వల్ల కాదండి," అంది.

గణేష్‌బాబు గడియారం చూసుకున్నాడు. "సరే లెండి, మీరు కింద కూర్చోండి. మీ పేరు మీద నేనే కొట్టేస్తాను కాయ. ఈ చెప్పులు కాస్త చూస్తూ ఉండండి."

అంతా పైకెళ్ళారు. అచ్చాయమ్మ మెట్టు మీద కాళ్ళు చాపుకుని పన్నెండు జతల చెప్పుల కాపలా కూర్చుంది. గాలి చల్లగా వస్తోంది. కోతి ఒకటి వచ్చి శాంతికుమార్ చెప్పు ఎత్తబోతే అదిలించింది. పైకి చూసి దండం పెట్టింది. ఏమీ కోరుకోలేదు, క్షమించమనీ అనలేదు. నేనిక్కడే ఉన్నాను స్వామీ అనుకుంది, అంతే. అప్పుడు తెలిసింది ఆవిడకి తనేం చెయ్యబోతోందో. రెండు రోజుల తరవాత మొదటిసారి ఆకలేసింది.

మర్నాడు మండలం ఆఫీసు హాల్లో ఆర్డీవో గారు కూర్చున్నారు. ఎదురుగా సత్యవాణి, పాలిపోయిన మొహం, చేతిలో పెన్ను తిప్పుతోంది. ఆవిడ వైపు అయిదుగురు. ఇటువైపు పన్నెండు మంది. "అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి," అన్నారు ఆర్డీవో గారు.

చేతులు లేచాయి. అచ్చాయమ్మ కుడిచెయ్యి ఒళ్ళోనే ఉంది. పది రోజులుగా చేప ముట్టలేదు, ఆ చేతికి ఎప్పుడూ ఉండే వాసన లేదు. ఎవరిదో చెయ్యిలా అనిపించింది ఆవిడకి. ఎడంచేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది. పక్కనున్నామె మోచేత్తో పొడిచింది. ఆర్డీవో గారు ఒకసారి లెక్కపెట్టారు, మళ్ళీ లెక్కపెట్టారు. పదకొండు. తీర్మానం వీగిపోయిందని చెప్పి లేచారు.

వరండాలో గణేష్‌బాబు ఎదురొచ్చాడు. ‘గారూ’ పోయింది. "ఏం చేశావో తెలుస్తోందా నీకు? ఇదేనా నువ్వు చేసేది?"

"ప్రమాణం మీరు చేయించిందేనండి," అంది అచ్చాయమ్మ. "మీరంతా పైకెళ్ళి దింపుకొచ్చారు. నేను కిందే ఉండిపోయాను కదండీ, చెప్పుల దగ్గర. నాది ఇంకా దిగలేదు."

శాంతికుమార్ అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. నవ్వాడో ఏమో కనపడలేదు. గణేష్‌బాబు కారెక్కాడు. ఆ కార్లో ఆవిడకి చోటు లేదని వేరే చెప్పక్కర్లేదు. అచ్చాయమ్మ ఆటో ఎక్కి ఇంటికొచ్చింది.

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేదో. ఆగదు కదా. నెల తిరక్కుండా కాగితం వచ్చింది, విప్పు ధిక్కరించినందుకు మెంబరు పదవి రద్దు. ఆవిడ సంతకం పెట్టి తీసుకుంది. కోర్టుకి వెళ్దామని ఎవరూ అనలేదు, ఆవిడకీ ఓపిక లేదు.

సత్యవాణి కుర్చీ మిగిలింది. మిగిలితే ఏం? దింపడానికి పదకొండు చేతులు చాలలేదు గానీ, ఏ బిల్లయినా ఆపడానికి ఆ పదకొండే చాలు. మూడు మీటింగులు వరసగా పెట్టింది. మూడింట్లోనూ టీలు తాగి, వద్దని లేచిపోయారు. రేకుల బిల్లు అలాగే ఉండిపోయింది. ఆ సంగతి విని లోవరాజు, "ఇప్పుడు తెలుస్తుంది ఆవిడకి," అన్నాడు. "ఈవిడా నీలాగే అయిపోయింది కదరా," అని అచ్చాయమ్మ తల పట్టుకుంది. కూలిపోయే కుర్చీ అయితే పనులన్నా నడిచేవి. ఇప్పుడది కూలదు, కదలదు. తను చెయ్యెత్తకుండా కాపాడింది దీన్నా అనిపించి ఆ రోజు ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదని మండిపడుతుంది?

రెండు నెలలయ్యాక రాజీ కుదిరింది. గణేష్‌బాబు సత్యవాణి ఇంటికి కాఫీకి వెళ్ళాడు. కాఫీ అయ్యేసరికి రేకుల బిల్లు పాసయింది, బందెలదొడ్డి షెడ్డులో సగానికి షట్టర్లు దిగాయి. సత్యవాణి మనిషి చేత కబురు పంపింది. "అచ్చాయమ్మ గారూ, మొత్తం పోయేది. సగమన్నా మిగిల్చాను." ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అదే బాధ.

షెడ్డు తెరిచిన రోజున రాతి పలక మీద సత్యవాణి పేరుంది, లక్ష్మీదుర్గ పేరుంది, లోవరాజు పేరుంది. మాజీల పేర్లు వెయ్యరట. కుళాయి ఇంకా రాలేదు, పంచాయతీలో ఆ తీర్మానం పల్లంరాజు దగ్గర ఆగింది. మిగిలిన సగంలో అరుగు మీద పన్నెండు మందికే చోటు. అమ్మేవాళ్ళు ఇరవై నలుగురు. గొడవలవుతాయని కానిస్టేబులు ముందే వచ్చి నిలబడ్డాడు. చీట్లు వేద్దామా, పాట పెడదామా, పెద్దవాళ్ళకి ముందిద్దామా అని పలక ముందు నిలబడ్డ పెద్దలు తర్జనభర్జన పడుతున్నారు. ఈలోగా రేవుపేట ఆడవాళ్ళు ఏట్లో వలల సంగతి గుర్తు తెచ్చుకుని, పన్నెండు పన్నెండుగా విడిపోయి, ఇవాళ వీళ్ళు లోపల, రేపు వాళ్ళు అనుకుని బేసిన్లు దింపేసుకున్నారు. అయిదు నిమిషాలు పట్టలేదు. ఎవరూ చెయ్యెత్తలేదు.

ఓ వారం తరవాత శాంతికుమార్ చేపల కోసం వచ్చాడు. ముందు షెడ్డులో వెతికాడు, కనపడలేదు. కాలవ గట్టు మీద పాత చోటనే గొంతుక్కూర్చుని, పక్కన గొడుగు గుచ్చుకుని, కొయ్యింగ పొలుసు తీస్తోంది అచ్చాయమ్మ.

"అదేంటండీ!" అన్నాడు. "మీ వల్లే కదా అది నిలబడింది. మీరు బయట కూర్చోవడమేంటి?"

"ఇవాళ నా వంతు కాదండి మాస్టారూ," అంది, మోకాలి మీద చెయ్యి వేసి సర్దుకుంటూ. "రేపు. ఆ గొడుగు కాస్త ఇటు వంచి పెట్టండి, ఎండ చేప మీద పడుతోంది."